సరస్వతీపుత్రుడు పుట్టపర్తి నారాయణాచార్యులు

రాయలసీమలో అనంతపురము ప్రాంతము మెట్టనేల. దక్కను పీఠభూమిపై ఎత్తుగానున్న ఈ సీమకు పడమట కనుమలు అడ్డుగోడవలె నిలిచియున్నవి. నైరృతి ఋతుపవనములు ఆ కొండలను దాటి వచ్చుసరికి మేఘములు తమ నీటిని చాలవరకు పోగొట్టుకొనియుండును. తూర్పున సముద్రము దూరము. అందుచేత ఈశాన్య ఋతుపవనములు ఇంతవరకు వచ్చుటకు ముందే బలహీనపడును. రెండు గాలులును చిన్నచూపు చూచిన ఈ నేలపై సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియైనను ఒక యేడు వచ్చును, ఒక యేడు రాదు. 1876వ సంవత్సరమున ఆరంభమైన ధాతు కరువును గూర్చి ఈ సీమలోని వృద్ధులు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. పెన్న, చిత్రావతి యను నదులున్నను అవి ఏటిలో అధికభాగము ఇసుక పాన్పులే.

ఇట్టి నేలలో పంట పండించుట ఎంత కష్టమో, చదువు పండించుటయు ఒకప్పుడు అంత కష్టముగనే యుండెను. కళాశాలలు దూరము, పుస్తకములు అరుదు, ఇంటిలో నున్న ధనము తిండికే చాలదు. అయినను వాననీటిని చెరువులో నిలుపుకొన్నట్లు, దొరికిన ప్రతి విద్యాబిందువును మనస్సున నిలుపుకొన్న మహనీయులు ఈ గడ్డమీద పుట్టిరి. వారిలో అగ్రగణ్యుడు పుట్టపర్తి నారాయణాచార్యులు.

నారాయణాచార్యులు 1914వ సంవత్సరము మార్చి 28వ తేదీన అనంతపురమునకు సమీపమున గల చియ్యేడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులు, తల్లి లక్ష్మీదేవి. తండ్రి సంస్కృతాంధ్రములు రెండింటను పండితుడు. వారి వంశమునకు మొదట తిరుమలవారని యింటిపేరు. శ్రీకృష్ణదేవరాయలకు గురుస్థానమున నిలిచిన తాతాచార్యుల కుటుంబమునకు చెందినవారమని ఆ యింటివారు చెప్పుకొనుచుండిరి. పూర్వులు చిత్రావతీ తీరమునందలి పుట్టపర్తి గ్రామమున నివసించుటచేత పుట్టపర్తి యనునదే వారి యింటిపేరైనది.

బాలుడు పెరిగినది పెనుగొండలో. పెనుగొండ సామాన్యమైన ఊరు కాదు. 1565వ సంవత్సరమున రాక్షసి తంగడి యుద్ధములో విజయనగర సైన్యము ఓడిపోయి హంపీనగరము పాడుపడినప్పుడు, తిరుమలరాయలు ఈ పెనుగొండను రాజధానిగా చేసికొని రాజ్యమును నిలుపుటకు యత్నించెను. ఎత్తైన కొండ, కొండపై కోట, కొండక్రింద గగనమహలు, దేవాలయములు, దర్గా, జినాలయము—ఇవన్నియు నేటికిని ఆ గతవైభవమునకు గుర్తులు. కూలిన బురుజులమీద ఎక్కి, శిథిలమంటపముల నీడలలో ఆడుకొని, పశువుల మేపువారి పాటలు విని, ఆ బాలుడు పెరిగెను. రాళ్లు కూడ మాటలాడగలవని అతనికి అక్కడనే తెలిసెను.

విద్యాభ్యాసము మొదట ఇంటిలోనే జరిగెను. తండ్రి పురాణములు చెప్పుచుండగా కుమారుడు ప్రక్కన కూర్చుండి వినెను. సంస్కృతకావ్యములను, తెలుగు భారత భాగవతములను కంఠస్థము చేసెను. కంఠస్థము చేయుట అనగా అర్థము తెలియక వల్లించుట యని మనము నేడు అనుకొందుము. ఆనాటి పండిత గృహములలో అట్లు కాదు. పద్యము నోటికి వచ్చిన పిమ్మట దాని పదచ్ఛేదము, అన్వయము, వ్యాకరణ విశేషము, అలంకారము ఒక్కొక్కటిగా తండ్రి అడుగును, కుమారుడు చెప్పవలెను. చెప్పలేనిచో మరునాడు అదే పద్యము మరల వచ్చును. పుస్తకము చేతిలో లేనప్పుడును పాఠము సాగుటకు ఇదియే మార్గము. పుస్తకములు కొనలేని సీమలో జ్ఞాపకశక్తియే గ్రంథాలయము.

సంగీత నాట్యములయందును బాలునకు మిక్కుటమైన ఆసక్తి. తాళమును, అభినయమును నేర్చెను. నాటకములలో స్త్రీపాత్రలు ధరించెను. పండిత కుటుంబమున పుట్టిన బాలుడు రంగస్థలమెక్కుట ఆ కాలమున అందరకు రుచించు పని కాదు. కాని ఆ తాళజ్ఞానమే తరువాత కాలమున వారి కవిత్వమునకు ప్రాణమైనది.

ఆంగ్లభాష వారికి అబ్బిన విధము విచిత్రమైనది. ఆ దినములలో పెనుగొండ ఒక ఉపమండలమునకు ముఖ్యస్థానము. అక్కడ పిట్ అను ఆంగ్లేయుడు అధికారిగా నుండెను. ఆయన భార్య సాహిత్యాభిమానము గలది. చుఱుకైన ఈ బాలుని చూచి ఆమె ముచ్చటపడి ఆంగ్లసాహిత్యమును బోధించెను. షేక్స్పియరు, మిల్టను మున్నగు కవుల రచనలు ఆమె సన్నిధిని వారికి పరిచయమైనవి. ఒకవైపు ఇంటిలో కాళిదాసు, భవభూతి. ఒకవైపు దొరసాని బంగళాలో షేక్స్పియరు. ఈ రెండింటిని కలిపి ఏ కళాశాల పాఠక్రమమును నిర్ణయించి యుండలేదు. ఆ బాలుడే తన పాఠక్రమమును తాను కూర్చుకొనెను.

పన్నెండు, పదునాలుగేండ్ల ప్రాయముననే వారు ఒక కావ్యము వ్రాసిరి. దానిపేరు పెనుగొండ లక్ష్మి. ఒకప్పుడు రాజులు, కవులు, శిల్పులు, వీరులు తిరిగిన పెనుగొండ నేడు ఇట్లు శిథిలమై నిలుచుట చూచి, ఆ నగరలక్ష్మిని గూర్చి బాలకవి పడిన వేదనయే ఆ కావ్యమునకు వస్తువు. తాను ఆడుకొన్న రాళ్లనే ఆయన పాడెను. అందుచేత ఆ పద్యములలో బాల్యచాపల్యము కంటె హృదయవేదన యెక్కువగా కనబడును. పండితులు ఆ కావ్యమును చదివి మెచ్చుకొనిరి.

ఇంత చదువు చదివినను, ఇంత కవిత్వము వ్రాసినను, లోకమున జీవించుటకు ఒక చిక్కు మిగిలియుండెను. చేతిలో పట్టము లేదు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉద్యోగము పొందవలెనన్నచో విశ్వవిద్యాలయము పెట్టిన పరీక్షలో తేరి, విద్వాన్ వంటి పట్టమును చూపవలెను. ఎంత పాండిత్యమున్నను, పట్టము లేనివానిని పాఠశాలలవారు తీసికొనుటకు వీలులేదు. తండ్రివద్ద చదివిన చదువునకు ముద్ర లేదు. దొరసానివద్ద చదివిన చదువునకు సాక్ష్యపత్రము లేదు. ఆకలి మాత్రము ఈ భేదమును ఎరుగదు.

ఇచట ఈ పరీక్షల పద్ధతిని గూర్చి కొంచెము తెలిసికొనుట మంచిది. కళాశాల తరగతులలో కూర్చుండకయే, తన యింట చదువుకొని, పరీక్షకు మాత్రము హాజరై పట్టము పొందు మార్గమును పాశ్చాత్యదేశములలో మొదట విస్తృతముగా తెరచినది లండను విశ్వవిద్యాలయము. 1858వ సంవత్సరమున అది ఏ ప్రాంతమున చదివినవారికైనను తన పరీక్షలను వ్రాయు అధికారమొసగెను. మన దక్షిణదేశమున 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము ఆంగ్లవిద్యకు పట్టములిచ్చుటయే గాక, కాలక్రమమున సంస్కృతము, దేశభాషలు చదివినవారికిని పరీక్షలు ఏర్పరచెను. సంస్కృతమునకు శిరోమణి, దేశభాషలకు విద్వాన్ అను పట్టములు అట్లు వచ్చినవి. విద్వాన్ పరీక్షలో ప్రాచీన కావ్యములు, వ్యాకరణము, ఛందస్సు, అలంకారశాస్త్రము, సాహిత్యచరిత్ర మున్నగు విషయములపై ప్రశ్నలుండును. గ్రామములలో గురువులవద్ద చదివిన అనేకమంది బీదవిద్యార్థులకు ఈ పరీక్ష ఒక ద్వారమైనది. పగలు ఏదో పని చేసికొని, రాత్రి దీపము వెలుతురున చదివి, పరీక్ష దినమున దూరపు పట్టణమునకు పోయి వ్రాసి వచ్చినవారు మన దేశమున వేలకొలదిగా నుండిరి.

అట్టివారిలో నారాయణాచార్యులకు పూర్వపు తరమునకు చెందిన గిడుగు వేంకట రామమూర్తిగారిని ఇచట స్మరించుట యుక్తము. 1863లో జన్మించిన రామమూర్తిగారు చిన్ననాటనే తండ్రిని కోల్పోయిరి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు తేరి, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిరి. కుటుంబభారముచేత కళాశాలలో చేరు అవకాశము వారికి లేకపోయెను. అయినను పగలు పిల్లలకు పాఠములు చెప్పి, మిగిలిన వేళలలో తాము చదువుకొని, 1886లో ఎఫ్.ఏ. పరీక్షయందును, పిమ్మట బి.ఏ. పరీక్షయందును కృతార్థులైరి. మెట్రిక్యులేషనునుండి బి.ఏ. వరకు చాల యేండ్లు పట్టెను. కళాశాలలో చేరిన ధనికుని కుమారునకు నాలుగైదేండ్లలో ముగియు ప్రయాణము అది. కాని నెమ్మదిగా నడచినవాడును గమ్యము చేరునని వారి చరిత్ర చాటుచున్నది. వారే తరువాత సవరజాతి భాషను నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చి లోకప్రసిద్ధులైరి.

నారాయణాచార్యుల ప్రయాణము మరియొక విధమైనది. వారు తిరుపతికి పోయి, అక్కడి ప్రాచ్యకళాశాలయందు సంస్కృతశాస్త్రములను అభ్యసించిరి. ఇంటిలో ఆరంభమైన వ్యాకరణాలంకార పాండిత్యము అక్కడ గట్టిపడెను. తెలుగు పండితుని ఉద్యోగమునకు అర్హత కలుగుటకై విద్వాన్ పరీక్షకు కూర్చుండిరి. ఆ పరీక్షకు నిర్ణయింపబడిన పాఠ్యగ్రంథములలో ఒకదానిని చూచి వారికి ఆశ్చర్యము కలిగెను. అది పెనుగొండ లక్ష్మి. బాల్యమున తాము వ్రాసిన కావ్యమునే తాము విద్యార్థియై చదివి, దానిపై పరీక్ష వ్రాయవలసివచ్చెను! తెలుగు సాహిత్యచరిత్రలో ఇట్టి సంఘటనము మిక్కిలి అరుదు. గ్రంథకర్తను చూచిన పండితులు పట్టమడుగుచుండిరి. పట్టమిచ్చువారు ఆయన గ్రంథమునే పాఠముగా పెట్టియుండిరి.

ఆ పరీక్షను గూర్చి వారి అభిమానులు ఒక కథ చెప్పుకొందురు. ప్రశ్నపత్రమున పెనుగొండ లక్ష్మిపై ఒక చిన్న ప్రశ్న వచ్చెనట. దానికి రెండు మార్కులు మాత్రమే. నాలుగు వాక్యములలో ముగింపదగిన సమాధానము. కాని ఆ కావ్యము వ్రాసినవాడే సమాధానము వ్రాయుచున్నాడు. ఆ పద్యము పుట్టిన చోటు, దానివెనుకనున్న చరిత్ర, ఆ కూలిన కోట, ఆ నాటి వేదన—అన్నియు ఒక్కమారుగా కలమునకు వచ్చెను. కలము ఆగలేదు. పుట వెంబడి పుట నిండెను. నలువది పుటలు వ్రాసినను ఆ సమాధానము ముగియలేదు. ఇంతలో గంట మ్రోగెను. తక్కిన ప్రశ్నలు అట్లే మిగిలిపోయెను. రెండు మార్కుల ప్రశ్నకు ఎన్ని పుటలు వ్రాసినను రెండు మార్కులకు మించి రావు గదా! తన కావ్యముపై పెట్టిన పరీక్షలో కవియే తప్పెనని ఆ కథ.

ఈ కథ విని మనము నవ్వుకొందుము. కాని నవ్విన పిమ్మట ఒకింత ఆలోచింపవలెను. ఆనాడు తప్పినది ఎవరు? పరీక్షా లేక విద్యార్థియా? పరీక్ష యొక కొలపాత్ర. శేరు పాత్రలో ఒక చెరువు నీరు పోయబోయినచో నీరు పొరలిపోవును. అది చెరువు దోషము కాదు. పాత్ర దోషమును కాదు. కొలతకు వచ్చినప్పుడు కొలతను గౌరవింపవలెను. అడిగినదానికి అడిగినంత చెప్పుటయు ఒక విద్య. ఆ విద్యను కూడ నేర్చినగాని జీవనము సాగదు. నారాయణాచార్యులు తమ పాండిత్యమునకు అవమానము జరిగినదని తలచి పట్టముల ఊసే మానివేసినచో, తరువాతి తరములవారికి అట్టి ఉపాధ్యాయుడు దొరకెడివాడు కాడు. పరాజయమును వారు పరాభవముగా గైకొనలేదు. పట్టము సంపాదించి తెలుగు పండితులై పాఠశాలలో ప్రవేశించిరి.

కడప మండలమునందలి ప్రొద్దుటూరులోను, తరువాత కడప పట్టణమునందలి శ్రీరామకృష్ణ ఉన్నత పాఠశాలలోను వారు చిరకాలము తెలుగు బోధించిరి. పాఠశాల పండితుని జీతము ఎంతయో మనమెరుగుదుము. కుటుంబము పెద్దది, చేయి చిన్నది. వారి సహధర్మచారిణి కనకమ్మగారు కూడ కవయిత్రి. ఇంటి బాధ్యతలను తాను మోయుచు, భర్త సాహిత్యవ్రతమునకు ఆమె తోడుగా నిలిచెను. ఆ ఇంట ధనమునకు కొరత యుండినను పుస్తకమునకును, పాటకును, అతిథికిని కొరత లేకుండెను.

పట్టము చేతికి వచ్చినతోడనే చదువు ముగిసినదని తలచువారు అనేకులు. నారాయణాచార్యులకు అది చదువులో ఒక మజిలీ మాత్రమే. తెలుగు, సంస్కృతము, ప్రాకృతము, ఆంగ్లము, కన్నడము, తమిళము, మలయాళము, మరాఠీ, హిందీ మున్నగు భాషలను వారు నేర్చిరి. పదునాలుగు భాషలలో వారికి ప్రవేశము కలదని ప్రసిద్ధి. ఇవి అన్నియు తరగతులకు పోయి నేర్చినవి కావు. ఒక భాషను నేర్వదలచినచో వారు దాని వ్యాకరణముతో ఆగక, సరాసరి ఆ భాషలోని మహాకవివద్దకు పోయెడివారు. తులసీదాసును చదువుటకై అవధి, తుకారామును చదువుటకై మరాఠీ, ఆళ్వారుల పాశురములకై తమిళము—ఇట్లు ప్రతి భాషకును వారికి ఒక కవియే గురువు. ఎవరైనను కొత్త భాష నేర్వదలచినచో ఈ మార్గమును తలచుకొనదగును. ఇష్టముతో చదివినది త్వరగా అంటును, అంటినది విడువదు.

అట్లు నేర్చిన భాషలు వారికి అలంకారములు కాలేదు; పనిముట్లైనవి. కొంతకాలము తిరువనంతపురమునకు పోయి, అక్కడి విశ్వవిద్యాలయమున మలయాళ నిఘంటు నిర్మాణమునందు పనిచేసిరి. విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీర యను తెలుగు నవలను మలయాళములోనికి అనువదించిరి. తెలుగువాడు మలయాళమును నేర్చి మలయాళములోనుండి తెలుగునకు తెచ్చుట ఒక యెత్తు. తెలుగునుండి మలయాళములోనికి వ్రాసి ఆ భాషవారిచేత చదివించుట వేరొక యెత్తు. ధర్మానంద కోశాంబి మరాఠీలో వ్రాసిన బుద్ధచరిత్రను తెలుగున కందించిరి. ఆంగ్లమునను కవిత్వము వ్రాసిరి. లీవ్స్ ఇన్ ది విండ్ అను సంపుటము వారి ఆంగ్లపద్యముల కూర్పు. పెనుగొండలో ఒక దొరసాని నాటిన మొక్క అట్లు పూచెను.

వారి రచనలు అనేకములు. షాజీ, సాక్షాత్కారము, మేఘదూతము, శ్రీనివాస ప్రబంధము, జనప్రియ రామాయణము మున్నగునవి ప్రసిద్ధములు. విజయనగరకాలపు సంఘజీవనమును గూర్చి రాయలనాటి రసికతా జీవనమను గ్రంథమును, ప్రాచీన కావ్యములను విమర్శించుచు ప్రబంధ నాయికలు అను గ్రంథమును రచించిరి. కాని సామాన్యజనులు వారి పేరు వినగానే తలచునది శివతాండవము.

శివతాండవము ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి ఆలయమునందు రూపుదిద్దుకొన్నదని చెప్పుదురు. వారు ఆలయమునకు పోయి ప్రదక్షిణములు చేయుచు స్వామిని ధ్యానించుచుండగా నృత్యము చేయు శివుని రూపము మనస్సున మెదలెనట. దానిని వారు మాత్రాఛందస్సులో గేయముగా వ్రాసిరి. శివుడు తాండవమాడుచుండగా లోకమంతయు ఆ లయకు ఊగుటయు, పిమ్మట పార్వతి లాస్యమాడుటయు అందలి వస్తువు. పదములలోనే మృదంగధ్వని వినబడును. బాల్యమున పెనుగొండలో నేర్చిన తాళము, తండ్రి నేర్పిన సంస్కృతశబ్దసంపద, స్వయముగా అభ్యసించిన అచ్చతెలుగు నుడికారము మూడును అందు ఒకచోట కలిసెను. ఆ కాలమున పనికిమాలినదని కొందరు తలచిన నాట్యాభ్యాసము కడకు కవికి కీర్తికారణమైనది. నేర్చిన విద్య ఏదియు వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? వారు దానిని స్వయముగా గానము చేయుచుండగా తెలుగు రానివారును లయకు తలలూపెడివారట. ఒకమారు ఆ గేయమును విని ఆనందపరవశులైన విశ్వనాథ సత్యనారాయణగారు వారిని భుజములపై కెత్తుకొనిరని సాహిత్యలోకమున ఒక కథ వాడుకలో నున్నది.

జీవితములో వారికి విరక్తి కలిగిన దినములును ఉండెను. ఒకప్పుడు ఇల్లు విడిచి ఉత్తరదేశమునకు పోయి హిమాలయ ప్రాంతమున తిరిగిరి. హృషీకేశములో స్వామి శివానందులవారిని దర్శించిరి. వారి పాండిత్యమును కవిత్వమును గ్రహించిన స్వామివారు వారికి సరస్వతీపుత్ర అను బిరుదు నొసగిరి. పరీక్షలు వ్రాసి పొందిన పట్టమునకంటె ఈ బిరుదమునే లోకము ఎక్కువగా జ్ఞాపకముంచుకొన్నది.

1972వ సంవత్సరమున భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ పురస్కారమొసగి గౌరవించెను. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును వారికి గౌరవ డాక్టరు పట్టములిచ్చినవి. తాము పుట్టిన చియ్యేడునకు చేరువలోనే, తమ కులగురువుల శిష్యుడని చెప్పుకొను రాయలపేర వెలసిన విశ్వవిద్యాలయము తమను పిలిచి గౌరవించుట వారి జీవితములో ఎంత తీయని ఘట్టమో! ఒకప్పుడు రెండు మార్కుల ప్రశ్న దగ్గర ఆగిపోయిన కలమునకు విశ్వవిద్యాలయములే వచ్చి నమస్కరించినవి.

1990వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నారాయణాచార్యులు దివంగతులైరి.

వారి కాలమునకు నేటికిని ఎంతో భేదము వచ్చినది. అనంతపురమున 1981లో విశ్వవిద్యాలయము వెలసెను. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమై, కళాశాలకు పోలేని గృహిణులకు, కూలివారికి, ఉద్యోగులకు ఇంటనుండి చదివి పట్టము పొందు వీలు కల్పించెను. 2022లో అనంతపురము జిల్లా రెండుగా విభజింపబడి, పెనుగొండయు పుట్టపర్తియు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. చియ్యేడు మాత్రము అనంతపురము జిల్లాలోనే నిలిచినది. ఎల్లలు మారినను వాన మారలేదు. నేటికిని ఆ సీమ మేఘముల దయకొరకు ఎదురుచూచుచునే యున్నది.

బాలబాలికలారా! నారాయణాచార్యుల చరిత్ర చదివి పరీక్షలు అనవసరమని తలపకుడు. వారు పరీక్షను తిరస్కరించినవారు కారు. తప్పినను వెనుదీయక పట్టము సంపాదించి, దానితో పిల్లలకు పాఠము చెప్పి జీవించినవారు. పట్టమే సర్వస్వమనియు తలపకుడు. పట్టము వచ్చిన తరువాతనే వారు అనేక భాషలలో మరల అ ఆలు దిద్దిరి. అనంతపురపు రైతు మేఘమువైపు చూచుచు కూర్చుండడు. చెరువుకట్టను సరిచేసికొని వాన వచ్చినదినమున ఒక్క చుక్క పోనీయక నిలుపుకొనును. తండ్రి ఒడిలోను, దొరసాని బంగళాలోను, ఆలయప్రాంగణములోను, రంగస్థలముమీదను దొరికిన ప్రతి చుక్కను నిలుపుకొన్న ఆ కరవుసీమ బిడ్డని జీవితము మనకు చూపు మార్గము అదియే.